తాళంచెవి ఎవరి దగ్గర?

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా వీధి కుర్రాడొకడు ఈ వారం సెలవుకి వచ్చాడు. ఫోనులో టీ-వర్క్స్ ఫొటోలు చూపించి, ‘మన చోడవరంలో కూడా ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుంటుంది బాబాయ్’ అన్నాడు. బాగుంటుంది, కాదన్నదెవరు? 2023 మార్చిలో తెరిచిన ఆ భవనం 78 వేల చదరపు అడుగులు. లోహపు పని, చెక్కపని, లేజర్ కటింగు, త్రీడీ ప్రింటింగు అన్నీ ఒకే కప్పు కింద. ఆలోచన ఉన్నవాడు వెళ్ళి వస్తువు చేసుకుని రావచ్చు. నాకు ఒళ్ళు మండింది ఆ తర్వాత అన్న మాటకి: ‘మనవాళ్ళకి ఆ కల్చర్ లేదు కదా!’

లేదట! చెరకు పండే ఊళ్ళో పుట్టి ఆ మాటనడానికి నోరెలా వచ్చిందో. బెల్లం వండే రోజుల్లో ప్రతి రైతుకీ సొంత గానుగ ఉండేదా? ఒకరి గానుగ దగ్గర నలుగురూ వంతులేసుకుని ఆడించుకునేవారు. ఆరిన పిప్పి పొయ్యిలోకి పోయేది. పాకం పదును కనిపెట్టే చెయ్యి ఊరికి ఒకటో రెండో ఉంటుంది, ఆ మనిషి కులం, పార్టీ చూడకుండా ప్రతి పెనం దగ్గరికీ వెళ్ళి నిలబడేవాడు. కమ్మరి కొలిమి దగ్గరా అంతే. కర్రు సాగదీయించుకోవడానికి వచ్చినవాడు ఊరికే కూర్చుంటే కుదరదు, తిత్తి ఊదాల్సిందే. వీటికి రిబ్బను కత్తిరించినవాళ్ళు లేరు కాబట్టి ఏ నివేదికలోకీ ఎక్కలేదు.

పోనీ, పాత సంగతులు వదిలేద్దాం. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఇవాళ్టికీ ఉంది. ఆరిన అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. తిరుగుతున్న కర్రకే రంగు కలిపిన లక్కని ఆనించి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగ వస్తుంది. మనందరి చిన్నతనంలో లక్కపిడతలు అలా వచ్చినవే. మధ్యలో రసాయన రంగులు చొరబడ్డాయి. చింతలపాటి వెంకటపతి రాజు గారు పట్టుబట్టి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటితో మళ్ళీ సహజ రంగులు తెప్పించారు. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆయనకి 2023లో పద్మశ్రీ. నన్నడిగితే పద్మశ్రీ కన్నా పెద్ద సంగతి ఒకటుంది. రంగు కలిపే కిటుకుని ఆయన సొంత పెట్టెలో దాచుకోలేదు, పనివాళ్ళకి నేర్పారు. మేకర్‌స్పేస్ అని బోర్డు కట్టుకోనంత మాత్రాన అది మేకర్‌స్పేస్ కాకుండా పోతుందా?

2025 గణతంత్ర దినోత్సవం నాడు మన రాష్ట్ర శకటం నిండా ఏటికొప్పాక బొమ్మలే. మూడో బహుమతి కూడా వచ్చింది. చప్పట్లు కొట్టాం. శకటం ఢిల్లీ వెళ్ళి వచ్చింది కానీ అంకుడు కర్ర కోసం పనివాళ్ళ వెతుకులాట మాత్రం తీరలేదు.

ఇక సర్కారు వారి కల్చర్ చూద్దాం. అటల్ టింకరింగ్ ల్యాబులని 2016లో మొదలుపెట్టారు. బడికి 20 లక్షల దాకా ఇస్తారు. దేశంలో 10 వేల బళ్ళలో పెట్టారు. లెక్క వేసుకోండి, 2 వేల కోట్లు. అది చాలనట్టు ఐదేళ్ళలో మరో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్లో చెప్పారు. బాగా నడిచేవీ ఉన్నాయి, కాదనను. కానీ నేను చూసిన ఒక బడిలో త్రీడీ ప్రింటరు మీద దుప్పటి కప్పి ఉంది. ‘రీలు అయిపోనాదండి, మళ్ళీ తేనేదు’ అన్నాడు అక్కడి అటెండరు. గదికి తాళం. తాళంచెవి హెడ్మాస్టరు గారి బీరువాలో, బీరువా తాళంచెవి ఆయన జేబులో, ఆయనేమో మీటింగులో.

పెద్దవాళ్ళ సంగతి ఇంకో రకం. 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకానికి 13 వేల కోట్లు కేటాయించారు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, బొమ్మలు చేసేవారు, బుట్టలల్లేవారు, ఇలా 18 వృత్తులు అందులో ఉన్నాయి. పనిముట్లకి తలా 15 వేలు. ఆ డబ్బుకి ఒక డ్రిల్లు, ఒక చేతి రంపం మిషను వస్తాయేమో. చెక్కని చదును చేసే పెద్ద ప్లేనింగ్ మిషను రాదు, పచ్చి కర్రని పగలకుండా ఆరబెట్టే గది అసలే రాదు. ఇరవైమంది వడ్రంగుల సొమ్ము ఒకచోట పెడితే 3 లక్షలు, దాంతో అందరికీ పనికొచ్చేది కొనుక్కోవచ్చు. కానీ ఇచ్చేది మనిషికి, జట్టుకి కాదు. కాబట్టి వీధిలో ఇరవై డ్రిల్లులుంటాయి, ప్లేనరు ఒక్కటీ ఉండదు. 2025లో రతన్ టాటా పేరు మీద పెట్టిన ఇన్నోవేషన్ హబ్బుకి విశాఖలో కొమ్మ ఉంది, మంచిదే. చోడవరం 2022 నుంచి అనకాపల్లి జిల్లా అయింది గానీ, పని పడితే ఇప్పటికీ విశాఖ బస్సే ఎక్కాలి. కుమ్మరి సారె పట్టుకుని ఆ బస్సెక్కడు కదా.

ఇలాంటి ఉమ్మడి పనిశాలకి ఫ్యాబ్ ల్యాబ్ అని ఇంకో పేరుంది. ఆ ఊహ పుట్టింది అమెరికాలోని ఎంఐటీలో. వాళ్ళ ఆవరణ దాటి మొదటిది ఎక్కడ పెట్టారో మా కుర్రాడికి తెలీదు. 2002లో, పుణె జిల్లా పాబళ్ అనే పల్లెలో. అక్కడ కల్బాగ్ గారు 1983లోనే విజ్ఞాన ఆశ్రమం మొదలుపెట్టి, బడి మానేసిన పిల్లలకి వెల్డింగు, పొలం పని, ఇల్లు కట్టడం నేర్పుతూ వచ్చారు. పనిచేసే చేతులు ముందుగా పోగయ్యాయి, మిషన్లు ఆ తర్వాత వచ్చాయి. మనం ముందు మిషను దింపి, తర్వాత దుప్పటి కప్పుతున్నాం.

చోడవరానికి నేనడిగేది ఒక రేకుల షెడ్డు, త్రీఫేజ్ కరెంటు, ప్లేనరు, రెండు లేతులు, వెల్డింగు సెట్టు, ఒక కొలిమి, మట్టి ఆరడానికి నీడ. తెల్లారకట్ట వడ్రంగులు, మధ్యాహ్నం కుట్టుపని ఆడవాళ్ళు, బడి వదిలాక పిల్లలు. స్వయంభూ విఘ్నేశ్వరుడి ఊరు కదా, చవితి ముందు రెండు నెలలూ మట్టి విగ్రహాలవాళ్ళదే రాజ్యం. ఫ్లెక్సీలొచ్చాక కుంచె మూలన పెట్టేసిన బోర్డు పెయింటర్లు మన ఊళ్ళో ఉన్నారు. వాళ్ళని పిలిచి పిల్లలకి అక్షరం రాయడం నేర్పించమంటే, జీతం కన్నా ముందు ఆ పిలుపుకే వస్తారు. త్రీడీ ప్రింటరు కూడా పెట్టండి, ఓ మూల. రాత్రి పది దాకా తెరిచి ఉండాలి. తాళంచెవి పనిచేసేవాళ్ళ దగ్గరే ఉండాలి, ఏ అధికారి దగ్గరా కాదు.

అంటే సొసైటీ పెట్టుకోవాలి. సభ్యుడికో వాటా, నెలకి కొంత చందా. ఇక్కడికొచ్చేసరికి నా గొంతులో వెలక్కాయ పడుతుంది. ఎందుకంటే ఈ చుట్టుపక్కల సొసైటీ అనగానే జనానికి గుర్తొచ్చేది చక్కెర ఫ్యాక్టరీ. దేశంలోని తొలి సహకార చక్కెర కర్మాగారాల్లో ఒకటి 1933లో మన ఏటికొప్పాకలోనే పెట్టారు. బొమ్మల ఊరే సహకారానికీ దారి చూపింది! ఇప్పుడది మూతపడింది. తాండవ ఫ్యాక్టరీ మూతపడింది, తుమ్మపాలది అంతకు ముందే పడింది. ఇక గోవాడ ఫ్యాక్టరీ దగ్గర చెరకు తోలిన రైతు బకాయి కోసం, పనిచేసిన కార్మికుడు జీతం కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కారో అందరికీ తెలుసు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆదుకుంటాం అన్నవాళ్ళ జాబితా రాస్తే ఈ శీర్షిక చాలదు.

అలాంటి చోట ఒక కుమ్మరి దగ్గరికి వెళ్ళి ‘ఐదొందలు వాటా కట్టు మావా, షెడ్డు పెడదాం’ అంటే ఏమంటాడు? ‘గోవాడలో మా అయ్య కట్టిన వాటా సంగతేటి?’ అంటాడు. జవాబు చెప్పగలిగిన నాయకుడుంటే ముందుకు రావాలి. రైతుల బకాయి పైసలతో సహా తీర్చి రండి. షెడ్డుకి స్థలం ఆర్టీసీ కాంప్లెక్సు వెనకా, సంతబయలా అన్నది ఆ మర్నాడు కూర్చుని మాట్లాడుకుందాం.