నడక మాయమైన గోదాములు

పెద్ద గోదాములో ఆర్డర్లకు సరుకు ఏరే కార్మికుడి వెంట గడియారం పట్టుకుని ఒక రోజంతా తిరిగితే తేలే లెక్క చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. వస్తువును అందుకోవడానికి అతని చేతికి పట్టేది క్షణం. ఆ వస్తువున్న అర దాకా వెళ్లడానికి కాళ్లకు పట్టేది నిమిషాలు. సబ్బు ఈ మూల, ఛార్జరు ఆ వరసలో, పిల్లల బొమ్మ ఆ చివర. పనివేళల్లో సుమారు సగం నడకకే పోతుందన్నది గోదాం నిర్వహణ పాఠ్యపుస్తకాల్లో ఏళ్లుగా కనిపిస్తున్న అంచనా.

ఆ నడకను తీసేయడానికి పుట్టిందే ఆటోమేటెడ్ స్టోరేజ్ అండ్ రిట్రీవల్ సిస్టమ్. పరిశ్రమలో దీన్ని ఏఎస్ఆర్ఎస్ అంటారు. ఇందులో సరుకు దగ్గరికి మనిషి వెళ్లడు, మనిషి దగ్గరికే సరుకు వస్తుంది. అరవై ఏళ్ల కిందటి ఈ ఆలోచన ఇప్పుడు మన నగరాల శివార్లలోని గోదాముల్లోకి అడుగుపెడుతోంది. అది వెంట ఏం తెస్తుందో, ఏం పట్టుకుపోతుందో ముందుగా అనుభవించిన దేశాలున్నాయి. వాటిని చూసి నేర్చుకునే వీలు మనకు ఉంది.

మొదటి ఘట్టం పుస్తకాలది. 1962లో జర్మనీలోని గూటర్స్‌లో పట్టణంలో బెర్టెల్స్‌మన్ ప్రచురణ సంస్థ కోసం డెమాగ్ కంపెనీ సుమారు 20 మీటర్ల ఎత్తున ఒక గోదాం కట్టింది. అంత ఎత్తున పేర్చిన పుస్తకాలను నిచ్చెనలు వేసుకుని తీయడం అయ్యే పని కాదు. అందుకే ర్యాకుల మధ్య తిరిగే స్టాకర్ క్రేన్‌ను పెట్టారు. నేటికీ ఎత్తైన గోదాముల్లో పద్ధతి అదే. ఎదురెదురుగా రెండు ఉక్కు ర్యాకులు, మధ్యలో పేలెట్ (సరుకు పేర్చే పలక) పట్టేంత సన్నని సందు, ఆ సందులో పట్టాల మీద పరుగెత్తే ఒక స్తంభం. స్తంభం ముందుకు సాగుతుండగానే దాని మీది ఫోర్కు పైకి లేస్తుంది, అరలోకి చేయి చాచినట్టు చాచి పేలెట్‌ను బయటికి లాగుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ మలుపు తిరగడానికి సుమారు మూడు మీటర్ల దారి వదలాలి. ఇక్కడ ఆ దారి అక్కర్లేదు. కొన్నిచోట్ల ఎత్తు 30, 40 మీటర్లకు చేరుతుంది. ర్యాకులే స్తంభాలై పైకప్పునూ గోడలనూ మోస్తాయి. అంటే ముందు అరలు కట్టి, వాటికి భవనాన్ని తొడుగుతారు.

సున్నాకు 25 డిగ్రీల దిగువన ఉండే శీతల గిడ్డంగుల్లో ఈ యంత్రం నిజంగా మేలు చేసింది. అంత చలిలో మనిషి ఎక్కువసేపు నిలబడలేడు, కాసేపటికొకసారి బయటికి వచ్చి ఒళ్లు వెచ్చబెట్టుకోవాలి. క్రేన్‌కు ఆ బాధ లేదు. అలాంటి పని మనిషి చేతుల్లోంచి పోయిందని బాధపడాల్సిన అవసరం లేదు.

ఆన్‌లైన్ కొనుగోళ్లు వచ్చాక సమస్య రూపు మారింది. పేలెట్లకు పేలెట్లు కదిలించడం పోయి, లక్షల రకాల్లోంచి ఒక్కో వస్తువును ఏరడం మొదలైంది. ఇంటింటికీ కిరాణా సరుకులు చేరవేస్తామంటూ భారీ ఆటోమేటెడ్ గోదాములు కట్టిన అమెరికన్ కంపెనీ వెబ్‌వ్యాన్ 2001 జులైలో దివాలా తీసింది. అక్కడ పనిచేసిన మిక్ మౌంట్జ్ ఆ పతనం నుంచి వేరే పాఠం తీసుకున్నాడు. గోదామంతా కన్వేయర్లతో బిగించేస్తే మార్చుకునే వీలుండదు కాబట్టి, అరలనే కదిలిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 2003లో కీవా సిస్టమ్స్ పుట్టింది. మోకాలి ఎత్తున్న రోబో నేల మీది కోడ్ స్టిక్కర్లను చదువుకుంటూ అర కిందికి దూరుతుంది, దాన్ని ఎత్తుకుని కార్మికుడి ముందుకు తెచ్చి నిలబెడుతుంది. 2012లో అమెజాన్ ఈ కంపెనీని 77.5 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆ తర్వాత ఈ రోబోలను ఇతరులకు అమ్మడం ఆపేసింది. ఆ ఖాళీలోకే ప్రపంచమంతటా కొత్త కంపెనీలు వచ్చాయి. బిట్స్ పిలానీలో చదివిన సమయ్ కోహ్లీ, ఆకాశ్ గుప్తాల గ్రేఆరెంజ్ వాటిలో ఒకటి. అమెజాన్ గోదాముల్లో రోబోల సంఖ్య పది లక్షలకు చేరిందని 2025లో ఆ సంస్థే ప్రకటించింది. సంస్థ మొత్తం ఉద్యోగులు అప్పటికి సుమారు 15 లక్షల మంది.

నార్వేలోని నెడ్రే వాట్స్ అనే చిన్న ఊళ్లో ఇంకో దారి తెరుచుకుంది. ఎలక్ట్రానిక్ విడిభాగాలమ్మే హట్టెలాండ్ సంస్థకు గోదాములో చోటు చాలక ఇబ్బందయింది. చూస్తే లోపల ఎక్కువ చోటు గాలిదే. 1990లలో అక్కడి ఇంజినీరు ఇంగ్వార్ హోగ్నలాండ్ దారులన్నీ తీసేసి సరుకు పెట్టెలను (బిన్‌లను) ఒకదాని మీద ఒకటి పేర్చాడు, పైన రోబోలను తిప్పాడు. అదే ఆటోస్టోర్. కావాల్సిన బిన్ అడుగున ఉంటే రోబో పైవి తీసి పక్కన పెట్టి, దాన్ని లాగి, మిగతావి మళ్లీ సర్దుతుంది. ఈ తవ్వకంలో మంచి విషయం ఒకటుంది. తరచూ అడిగే సరుకు ఎవరూ చెప్పకుండానే పైకి చేరుతుంది, అడగనిది నెమ్మదిగా అడుక్కి దిగుతుంది.

ఇన్ని రకాల యంత్రాల వెనక ఉమ్మడిగా ఒక మార్పు ఉంది. దాని గురించి తగినంత చర్చ జరగడం లేదు.

పాత కిరాణా కొట్టులో జీలకర్ర ఎక్కడుందో యజమానికి చూడకుండానే తెలుసు. పాత గోదాములోనూ అంతే. పప్పులు ఒకవైపు, నూనెలు ఒకవైపు. కొత్తగా చేరిన కుర్రాడైనా రెండు రోజుల్లో దారి పట్టేస్తాడు. ఆటోమేటెడ్ గోదాములో ఆ వరస ఉండదు. ఏ అర ఖాళీగా ఉంటే సరుకు అందులోకి పోతుంది. షాంపూ పక్కన పుస్తకం, పుస్తకం పక్కన స్క్రూడ్రైవర్. చోటు వృథా కాకుండా ఉండటానికి ఇదే మేలైన పద్ధతి, అందులో సందేహం లేదు. కానీ ఏ వస్తువు ఎక్కడుందో తెలిసినది ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక్కదానికే. గోదాం జ్ఞాపకశక్తి మనుషుల తలల్లోంచి సర్వర్లలోకి మారింది.

సర్వరు ఆగిపోతే ఏమవుతుందో బ్రిటిష్ లైబ్రరీకి అనుభవమైంది. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, బోస్టన్ స్పా అనేచోట ఆ గ్రంథాలయానికి భారీ ఆటోమేటెడ్ నిల్వ భవనాలున్నాయి. 2009లో తెరిచిన భవనంలో దాదాపు 70 లక్షల గ్రంథాలు, ఇతర ప్రచురణలు పడతాయి. అరలన్నీ వరసగా పరిస్తే 262 కిలోమీటర్లు. 2015లో పాత వార్తాపత్రికల కోసం ఇంకోటి తెరిచారు. 2023 అక్టోబరులో రాన్సమ్‌వేర్ ముఠా లైబ్రరీ కంప్యూటర్ల మీద దాడి చేసింది. ఒక్క పుస్తకం చిరగలేదు, ఒక్క కాగితం తడవలేదు. అయినా బోస్టన్ స్పాలోని నిల్వలు నెలల తరబడి పాఠకుల చేతికి అందలేదు. మామూలు అరలైతే దీపం పట్టుకుని వెళ్లి, వెన్ను మీద సంఖ్య చూసి పుస్తకం తీసుకురావచ్చు. అక్కడ నడిచి వెళ్లడానికి దారే లేదు.

ఆ భవనాల్లో మరో విశేషం అగ్ని రక్షణ. గాలిలో మామూలుగా 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను సుమారు 15 శాతానికి తగ్గించి ఉంచుతారు. మంట అంటుకోదు. మనుషులు మసలని చోటు కాబట్టే అది సాధ్యమైంది. అందరూ అలా చేయలేరు. 2019 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని ఆండోవర్‌లో ఒకాడో అనే ఆన్‌లైన్ కిరాణా సంస్థ గోదాం తగలబడిపోయింది. రోబో బ్యాటరీ ఛార్జింగ్ యూనిట్లో విద్యుత్ లోపం అందుకు మూలం. ప్లాస్టిక్ బిన్‌లు సందు లేకుండా కిక్కిరిసిన చోటికి అగ్నిమాపక సిబ్బంది చేరుకోవడం కష్టం. మంటలు పూర్తిగా ఆర్పడానికి రోజులు పట్టింది, భవనం పనికిరాకుండా పోయింది. చోటు ఎంత ఆదా అయితే అంత దగ్గరగా ఇంధనం పేర్చినట్టే. ఇలాంటి గోదాముకు అనుమతి ఇచ్చే అధికారి మామూలు షెడ్డుకు వేసే ప్రశ్నలతో సరిపెట్టుకోకూడదు.

ఇక మనిషి సంగతి. నడక తగ్గితే ఒంటి అలుపు తగ్గాలి. అమెజాన్ అంతర్గత రికార్డులను సంపాదించిన ‘రివీల్’ అనే అమెరికన్ పరిశోధనాత్మక వార్తాసంస్థ 2020లో దానికి తలకిందులైన చిత్రాన్ని బయటపెట్టింది. 2016-19 మధ్య రోబోలున్న గోదాముల్లో తీవ్ర గాయాల రేటు రోబోలు లేని గోదాములకంటే 50 శాతానికి పైగా ఎక్కువ. అమెజాన్ ఈ నిర్ధారణతో విభేదించింది. అయితే కారణం ఊహించడానికి కష్టమేమీ లేదు. నడిచే రోజుల్లో గంటకు 100 వస్తువులు ఏరిన మనిషి ముందుకు రోబో అర తర్వాత అర తెచ్చి నిలబెడుతుంటే లక్ష్యం 400 దాకా పెరిగింది. వంగడం, చాచడం, ఎత్తడం, తిప్పడం. అవే కండరాలు, అదే కదలిక, పదేపదే. చూస్తే, ఆ నడకే అతనికి దొరికిన కాస్త విశ్రాంతి. రెండు వస్తువుల మధ్య చేతులకూ భుజాలకూ ఊపిరి ఆడింది అప్పుడే. యంత్రం మిగిల్చిన సమయమంతా యజమాని ఖాతాలోకే పోయింది.

మన దగ్గర కూలి చవక కదా, ఇంత ఖరీదైన యంత్రం ఎవరు పెడతారన్న ప్రశ్న చాలాకాలం సరైనదే. ఆ పరిస్థితిని మార్చినవాటిలో పన్ను ఒకటి. కేంద్ర అమ్మకపు పన్ను ఉన్నప్పుడు రాష్ట్రం దాటి అమ్మితే పన్ను పడేది. అది తప్పించుకోవడానికి కంపెనీలు ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న గోదాం పెట్టుకునేవి. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాద్ నుంచి విజయవాడకు అమ్మే సరుకుకూ ఆ పన్ను వర్తించింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. చిన్న గోదాములు కలిసి పెద్దవయ్యాయి. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు పొలాలు షెడ్లయ్యాయి. సరుకు ఒకచోటికి చేరి, భూమి ధర పెరిగితే ఎత్తు వైపు చూడక తప్పదు. నోయిడాలో ఇలాంటి యంత్రాలు తయారుచేసే యాడ్‌వెర్బ్‌ను ఆసియన్ పెయింట్స్‌లో పనిచేసిన ఇంజినీర్లు 2016లో స్థాపించారు. 2022లో రిలయన్స్ రిటైల్ అందులో 54 శాతం వాటాను 13.2 కోట్ల డాలర్లకు కొన్నది.

అలాగని ప్రతి గోదాములోకీ క్రేన్ రాదు. గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి శీతల గిడ్డంగులనే చూడండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు) వెల్లువలా వస్తాయి, ధర కోసం నెలలపాటు కదలకుండా ఉంటాయి, తర్వాత వెళ్లిపోతాయి. సరుకు రోజూ తిరిగితేనే యంత్రం పెట్టుబడి తిరిగొస్తుంది. పైగా క్రేన్‌కు అన్నీ ఒకే కొలత పేలెట్లు కావాలి. ఒక టిక్కీ ఉబ్బినట్టు ఇంకోటి ఉబ్బదు. అక్కడ హమాలీ వీపే ఇంకా కొన్నాళ్లు నడుస్తుంది. కాబట్టి యంత్రం ముందుగా వచ్చేది మందులు, రంగులు, ఆన్‌లైన్ ఆర్డర్లు, గడ్డకట్టించిన ఆహారం ఉన్న చోట్లకు. అక్కడ చేరే యువకులు ఎక్కువగా కాంట్రాక్టు మీదే చేరతారు.

యంత్రం లేకుండానే లక్ష్యాల ఒత్తిడి మన దగ్గర ఎలా ఉందో 2024 వేసవిలో బయటపడింది. హర్యానాలోని మానేసర్ అమెజాన్ గోదాములో లారీల సరుకు దించేదాకా నీళ్లకూ మూత్రానికీ వెళ్లబోమని కార్మికుల చేత ప్రతిజ్ఞ చేయించారన్న వార్తల మీద జాతీయ మానవ హక్కుల సంఘం ఆ జూన్‌లో తనంతట తానే స్పందించి కేంద్ర కార్మిక శాఖకు నోటీసు పంపింది. కన్వేయరు, రోబో, కెమెరా తోడైతే లెక్క ఇంకా సూక్ష్మమవుతుంది. గంటకు ఎన్ని, నిమిషానికి ఎన్ని అన్నది తెర మీద కనిపిస్తూనే ఉంటుంది.

కాలిఫోర్నియా 2021లో ఏబీ 701 అనే చట్టం చేసింది, 2022 జనవరి 1న అది అమలులోకి వచ్చింది. కార్మికుడికి వర్తించే లక్ష్యం ఎంతో యజమాని కాగితం మీద రాసి ఇవ్వాలి. భోజనానికీ విశ్రాంతికీ మరుగుదొడ్డికీ వెళ్లనివ్వని లక్ష్యం చెల్లదు. న్యూయార్క్, మిన్నెసోటా, వాషింగ్టన్ రాష్ట్రాలు అదే బాటలో చట్టాలు చేసుకున్నాయి. మన దేశంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలే పని అని అది చెబుతుంది. గంటకు ఎన్ని వస్తువులు ఏరమనవచ్చో చెప్పదు. కోడ్ కింద వివరమైన నిబంధనలు రాసే అధికారం రాష్ట్రాలకు ఉంది. కాలిఫోర్నియా పెట్టిన ఆ రెండు షరతులు హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ రాసే నిబంధనల్లో చేరడానికి పేరాగ్రాఫు కంటే ఎక్కువ చోటు పట్టదు. మేడ్చల్ గోదాములు రోబోలతో నిండకముందే ఆ పని చేయవచ్చు.