పాత స్పీకర్లా... పేరు కాదు, గొంతు చూడండి!

గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్‌... అటువైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఏ హాల్లోకి తొంగిచూసినా గోడంత టీవీ. బొమ్మ బ్రహ్మాండం. మాట దగ్గరికొచ్చేసరికే తేడా! హీరో గొంతు తగ్గించి ఏదో అంటాడు. సోఫాలో తాతయ్య ‘ఏమన్నాడ్రా?’ అని మనవణ్ని అడుగుతాడు. వాల్యూమ్‌ పెంచితే మరుక్షణం ఫైట్‌ మొదలై ఇల్లు దద్దరిల్లుతుంది. ఇందులో టీవీ తప్పేం లేదు. స్పీకర్‌ గాలిని కదిలించాలి, దానికి జాగా కావాలి. రెండు వేళ్ల మందం టీవీలో జాగా ఎక్కడిది?

అందుకే హోమ్‌ థియేటర్‌ మీదికి మనసు పోతుంది. తీరా షోరూమ్‌లో మంచి సెట్‌ ధర వింటే గుండె గుభేల్‌! అప్పుడు గుర్తొస్తాయి పాత స్పీకర్లు. 1970, 80ల్లో గల్ఫ్‌ వెళ్లొచ్చిన బాబాయిలు తెచ్చిన జపాన్‌ సెట్లు అటకల మీద ఉండనే ఉన్నాయి. కోల్‌కతాలో 1970లో మొదలైన మన సోనోడైన్‌ వారివి ఉన్నాయి. అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు ఇంటి సామాన్లతోపాటు కంటెయినర్లో వేసుకొచ్చినవీ ఉన్నాయి. ఆదివారం ఎర్రగడ్డ సంతలో, గురువారం జుమ్మేరాత్‌ బజార్లో పాత సామాన్ల మధ్య ఓపిగ్గా వెతికితే ఒక్కోసారి మంచి జత దొరుకుతుంది.

మరి పాతవి కొనొచ్చా? నిక్షేపంగా కొనొచ్చు. స్పీకర్‌ అంటే ఒక అయస్కాంతం, ఒక తీగచుట్ట, ఒక కాగితపు గిన్నె, వాటిని మోసే చెక్క డబ్బా. సాఫ్ట్‌వేర్‌ లేదు, అప్‌డేట్లు అడగదు. 1954లో అమెరికాలో ఎడ్గార్‌ విల్చర్‌ గాలి చొరకుండా మూసిన డబ్బాలో వూఫర్‌ పెట్టి, చిన్న పెట్టెలోంచి లోతైన శబ్దం రప్పించాడు. ఆ సూత్రం మీదే ఈనాటికీ స్పీకర్లు తయారవుతున్నాయి. కాకపోతే కొనేముందు కొన్ని సంగతులు తెలిసుండాలి. లేకపోతే చవగ్గా వచ్చిందనుకున్నది కాస్తా హాల్లో మూలన పూలకుండీకి పీట అవుతుంది.

పేరు చూసి మురిసిపోవద్దు

పాత స్పీకర్ల బజార్లో పేర్లకే సగం ధర. అయితే ఎంత గొప్ప స్పీకరైనా దాన్ని ఏ పనికోసం చేశారో ఆ పనికే గొప్పది. ఎల్‌ఎస్‌3/5ఏ సంగతే చూడండి. 1970ల్లో బీబీసీ ఇంజినీర్లు తమ ప్రసార వాహనాల్లో, ఇరుకు గదుల్లో వినడానికి దీన్ని తయారుచేశారు. మనిషి గొంతును ఇంత సహజంగా పలికించే చిన్న స్పీకర్లు అరుదు. కానీ యుద్ధ సన్నివేశంలో ఏనుగుల దండు పరుగెత్తితే ఆ బుల్లి పెట్టె ఆయాసపడుతుంది.

యమహా ఎన్‌ఎస్‌-10 కూడా అంతే. 1978లో ఇళ్లకోసం వచ్చిన ఈ తెల్లగిన్నె స్పీకర్‌ ఇళ్లలోకన్నా రికార్డింగ్‌ స్టూడియోల్లో స్థిరపడింది. పాటలో తప్పుల్ని మొహమాటం లేకుండా చూపిస్తుంది మరి! కింది స్థాయి శబ్దం తక్కువ. సబ్‌వూఫర్‌ తోడు లేకుండా సినిమాకు చాలదు.

ఇక బోస్‌ 901. ఎంఐటీ ప్రొఫెసర్‌ అమర్‌ బోస్‌ 1968లో తెచ్చిన స్పీకర్‌. తండ్రి బెంగాల్‌ నుంచి అమెరికా వెళ్లినవాడు కాబట్టి మనవాళ్లకు ఆ పేరంటే అదో అభిమానం. ఇందులో మొత్తం తొమ్మిది చిన్న స్పీకర్లు. ఎనిమిది వెనక్కి తిరిగి గోడవైపు పలుకుతాయి, ఒక్కటే మనవైపు. దీనితో విడిగా ఓ ఈక్వలైజర్‌ పెట్టె వస్తుంది. అది లేని 901 ఉప్పు లేని పప్పు! పెట్టె ఉన్నా దాన్ని తగిలించే దారి మీ ఏవీ రిసీవర్లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. కొత్త రిసీవర్లు చాలావాటికి ఆ దారి లేదు. వెనక గోడకూ స్పీకర్‌కూ మధ్య కాస్త ఎడం కూడా వదలాలి. అల్మారాలో ఇరికిస్తే డబ్బు దండగ.

చేత్తో చూడాల్సినవి

ముందున్న గుడ్డ జాలీని తీయించండి. తీయడానికి అమ్మేవాళ్లు తటపటాయిస్తే అక్కడే అనుమానించాలి.

వూఫర్‌ గిన్నె చుట్టూ మెత్తటి అంచు ఉంటుంది. ఆ రోజుల్లో చాలా మోడళ్లకు దాన్ని ఫోమ్‌తో చేసేవారు. పది, ఇరవై ఏళ్లు గడిచేసరికి ఫోమ్‌ పొడిపొడిగా రాలిపోతుంది. వేలితో మెల్లగా తాకితే చాలు, తెలిసిపోతుంది. రబ్బరు అంచు, గుడ్డ అంచు ఎక్కువ కాలం మన్నుతాయి. ఫోమ్‌ పోయినంత మాత్రాన బేరం వదులుకోనక్కర్లేదు. అంచు కొత్తది వేయించొచ్చు. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడాలంతే.

తర్వాత నాలుగు వేళ్లూ గిన్నె మీద సమంగా ఆనించి సుతారంగా లోపలికి నొక్కండి. చప్పుడు లేకుండా వెళ్లి రావాలి. గరగరమంటే లోపలి తీగచుట్ట ఒరుసుకుంటున్నట్టు. అలాంటిది వద్దు. మూసిన డబ్బా అయితే గిన్నె నెమ్మదిగా వెనక్కొస్తుంది. టక్కున వచ్చిందంటే ఎక్కడో గాలి లీకవుతోంది. ట్వీటర్‌ను మాత్రం నొక్కొద్దు. దాని గుమ్మటం సొట్టపడితే అంతే సంగతులు.

మల్టీమీటర్‌ తీసుకెళ్తే ఇంకా మంచిది. 8 ఓమ్‌ల వూఫర్‌ మీటర్లో సుమారు 6 చూపిస్తుంది, 4 ఓమ్‌లది 3 పైచిలుకు. అసలేమీ చూపకపోతే తీగ తెగినట్టే. చాలా స్పీకర్లలో ట్వీటర్‌కు ముందు కండెన్సర్‌ ఉంటుంది. అందుకే డబ్బా వెనక కొలిస్తే ట్వీటర్‌ సంగతి తెలియదు, దాన్ని విడిగా కొలవాలి. ఆ కండెన్సర్లు కూడా ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. పైస్థాయి శబ్దాలు మందగించాయంటే ముందు అనుమానించాల్సింది వాటినే. మార్పించడం పెద్ద పనేం కాదు. కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట ఇలాంటి విడిభాగాలు అడగొచ్చు.

ఆఖర్న డబ్బాను తిరగేయండి. చెమ్మకు అడుగు ఉబ్బిందా? చెదలు పట్టాయా? రెండు స్పీకర్లలోనూ ఒకే రకం వూఫర్లు, ఒకే రకం ట్వీటర్లు ఉన్నాయా? ఒకదాంట్లో అసలుది, రెండోదాంట్లో ఏదో దొరికింది బిగించి ఉంటే అది జత కాదు. పక్కపక్కన పెట్టిన ఇద్దరు అపరిచితులు!

ఘంటసాల పరీక్ష

చేత్తో చూడటం అయ్యాక చెవితో చూడాలి. దీనికి ఖరీదైన సీడీలేం అక్కర్లేదు. ఘంటసాల పాత పాట ఒకటి చాలు. ఆ కాలం రికార్డింగులు మోనో. అంటే రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకే శబ్దం. రెండింటికీ సమాన దూరంలో మధ్యన కూర్చోండి. గొంతు సరిగ్గా నడిమధ్య గాల్లోంచి వస్తున్నట్టు ఉండాలి, అక్కడ స్పీకరే లేకపోయినా! గొంతు ఓ పక్కకు ఒరిగితే ఒక స్పీకర్‌ నీరసపడింది. ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోయి, కింది శబ్దం మాయమైతే వైర్లలో ప్లస్‌, మైనస్‌ తారుమారయ్యాయి. ఒకవైపు మార్చి మళ్లీ వినండి.

మాటలకోసం ‘మాయాబజార్‌’ పెట్టుకోవచ్చు. అయితే 1957 నాటి నలుపు తెలుపుదే కావాలి. 2010లో రంగులద్ది విడుదల చేసినదానికి శబ్దాన్ని కూడా డీటీఎస్‌లోకి మార్చారు. అది ఈ పరీక్షకు పనికిరాదు. ఎస్వీ రంగారావు గొంతులోని గాంభీర్యం ఛాతీలోంచి వస్తున్నట్టు ఉండాలి, బిందెలోంచి వచ్చినట్టు కాదు. సావిత్రి మాటల్లో ‘స’, ‘ష’ చెవిలో గుచ్చుకోకూడదు. తెలుగింట్లో హోమ్‌ థియేటర్‌కు అసలు పని మాట వినిపించడం. బాంబుల సంగతి తర్వాత.

నడుమ ఎవరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పాత స్పీకర్లు పాటలకోసం పుట్టినవి, అందుకే జతగానే వచ్చాయి. హోమ్‌ థియేటర్లో మాటలన్నీ పలికేది టీవీ కింద నడుమన ఉండే సెంటర్‌ స్పీకర్‌. దాన్ని ఇళ్లలో విడిగా నడిపే డాల్బీ ప్రోలాజిక్‌ వచ్చిందే 1987లో. కాబట్టి 1975 నాటి జతకు తోడబుట్టిన సెంటర్‌ ఉండదు. ఏదో కొత్తది తెచ్చి పెడితే హీరో ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడేటప్పుడు నడుమకు రాగానే గొంతు మారిపోతుంది.

దారులు రెండు. ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉండి నడిమి సోఫాలోనే కూర్చుంటే సెంటర్‌ మానేయొచ్చు. రిసీవర్‌ సెట్టింగ్స్‌లో సెంటర్‌ లేదని చెబితే ఆ మాటల్ని రెండు స్పీకర్లకూ పంచుతుంది. ఘంటసాల పరీక్షలో నెగ్గిన జతకు అది చిటికెలో పని. అలాకాక ఎనిమిది మంది హాలంతా పరుచుకుని చూసే ఇల్లయితే ఇది కుదరదు. చివర కూర్చున్న వాళ్లకు మాటలన్నీ తమ పక్క స్పీకర్లోంచే వినిపిస్తాయి. అలాంటి ఇంటికి 1990ల తర్వాతి జత, అదే కంపెనీ అదే వరసలో చేసిన సెంటర్‌తో సహా దొరికితేనే తీసుకోవాలి.

పాతది ఎక్కడ, కొత్తది ఎక్కడ?

ముందు పెట్టే రెండూ పాతవి కొనండి. ఖర్చుకు తగ్గ ఫలితం కనిపించేది అక్కడే. వెనక పెట్టేవి చిన్నవి, కొత్తవైనా సరిపోతాయి. సబ్‌వూఫర్‌, రిసీవర్‌ మాత్రం కొత్తవే మేలు. వాటిలో పాడయ్యే ఎలక్ట్రానిక్స్‌ ఎక్కువ. పైగా సబ్‌వూఫర్‌ ఉంటే రిసీవర్లో ముందు స్పీకర్లను ‘స్మాల్‌’ అని పెట్టి, 80 హెర్ట్జ్‌ల కింది శబ్దాన్ని దానికే అప్పజెప్పొచ్చు. ముసలి వూఫర్లకు మూటలు మోసే బాధ తప్పుతుంది.

అమెరికా నుంచి వచ్చిన సామాను విషయంలో ఓ జాగ్రత్త. మామూలు స్పీకర్‌ను కరెంటు ప్లగ్గులో పెట్టం కాబట్టి అది ఏ దేశంలోనైనా పాడుతుంది. ప్లగ్గు ఉన్న సబ్‌వూఫర్‌, రిసీవర్‌ అలా కాదు. 120 వోల్టుల వాటిని మన 230 వోల్టులకు తగిలిస్తే పొగే!

వాట్ల లెక్క కూడా తెలుసుకోవాలి. డబ్బా మీద వేల వాట్ల పీఎంపీఓ అని రాసుంటే నవ్వి ఊరుకోండి. చూడాల్సింది ఆర్‌ఎంఎస్‌. దానికన్నా ముఖ్యం, ఒక వాట్‌కు ఎన్ని డెసిబెల్స్‌ ఇస్తుందన్నది. మూడు డెసిబెల్స్‌ తగ్గితే అంతే శబ్దానికి రెట్టింపు కరెంటు కావాలి. 84 డెసిబెల్స్‌ స్పీకర్‌ 90 డెసిబెల్స్‌ దానితో సమానంగా పలకాలంటే నాలుగు రెట్లు! అన్నట్టు, 4 ఓమ్‌ల స్పీకర్లయితే మీ రిసీవర్‌ వాటిని మోయగలదో లేదో దాని పుస్తకంలో చూడటం మరవొద్దు.

ఇంత చేసినా హాలు సహకరించాలి. నున్నటి టైల్సు, అద్దాల కిటికీలు, ఖాళీ గోడలు... మాట వాటికి తగిలి తిరిగొస్తుంది. నేల మీద ఓ తివాచీ, కిటికీలకు మందపాటి పరదాలు పడితే అవే స్పీకర్లు కొత్తగా పలుకుతాయి. ఇక రాత్రి పది దాటాక పక్క ఫ్లాట్‌ వాళ్లను గుర్తుంచుకోవాలి. నివాస ప్రాంతాల్లో పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం 45 డెసిబెల్స్‌ మించకూడదన్నది 2000లో వచ్చిన నిబంధన.

బేరానికి బయల్దేరేముందు ఇంటివాళ్లను ఒక్కమాట అడగండి... ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఏం చూస్తారు అని. కొనాల్సిన స్పీకరేదో సగం అక్కడే తేలిపోతుంది. మిగతా సగం జాలీ తీశాక!