సరదాకి ఎగిరేవారికి

సంక్రాంతికి మా హుస్సేనీ ఆలం మేడల మీద పతంగులు లేస్తుంటే, తానూ ఎగిరితే బాగుండునని అనుకోని పిల్లవాడుండడు. పెద్దయ్యాకా ఆ కోరిక చావనివాళ్లు కొందరుంటారు. "బాబాయిగారూ, ఉద్యోగానికి కాదు, సరదాకే. ఏ క్లబ్బులో చేరమంటారు?" అని మా పక్కింటి కుర్రవాడు అడిగాడు. అతనికి చెప్పిందే మీకూ చెబుతాను.

ఈ సరదా మన ఊరికి కొత్త కాదు. 1930లలోనే బేగంపేటలో హైదరాబాద్ ఏరో క్లబ్ వెలిసింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయినా, శిక్షణకు బేగంపేట ఉంది. అంతకంటే దూరంగా, నగరానికి దక్షిణాన నాదర్‌గుల్‌లో మరో చిన్న మైదానముంది. హకీంపేట, దుండిగల్ వైమానిక దళానివి, అటు చూడనక్కరలేదు.

ముందు దూరం లెక్కవేసుకోవాలి. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి, పదో తరగతి ప్యాసవాలి, వైద్యపరీక్ష నెగ్గాలి, కనీసం 40 గంటలు ఎగరాలి. వారానికి గంట చొప్పున పది నెలల పని. మధ్యలో ఓ నెల మానేస్తే చెయ్యి మొద్దుబారుతుంది. మరచిన పాఠానికి మళ్లీ డబ్బు కట్టాలి. గంట రేటు తక్కువని దూరంగా చేరి నాగాలు పెట్టేవాడికి చివరికి ఎక్కువే అవుతుంది.

తర్వాత గాలి. బేగంపేట రన్‌వే అంకెలు 09, 27. అంటే 90 డిగ్రీలు తూర్పు, 270 పడమర. చివరి సున్న తీసేశారు. విమానం గాలికెదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. పతంగు ఎగరేసినవాడికి ఇది వేరే చెప్పాలా? మన వానాకాలపు గాలి పడమటిది గనుక ఆ బాట వాటంగా ఉంటుంది.

ఇక క్లబ్బు. విమానం రంగు చూసి మురిసిపోకండి. డి.జి.సి.ఎ. ఆమోదం ఉందా? నిరుడు విమానాలు ఎన్ని రోజులు ఎగిరాయి, ఎన్ని రోజులు రిపేరులో నిలిచాయి? ఒక్కో శిక్షకుడికి ఎందరు శిష్యులు? ఇవి అడగండి. సొమ్మంతా ముందే కట్టమంటే ఒప్పుకోకండి. ఎగిరిన గంటకే కడతామనండి. తల్లి గాజులమ్మి కట్టిన డబ్బు, షెడ్డులోంచి కదలని విమానం కింద ఇరుక్కుపోవడం నేనెరుగుదును.

అన్నిటికీ మించి, మబ్బు పట్టిన ఓ ఉదయం వెళ్లి చూడండి. "ఈవేళ వద్దు, ఇంటికి పొండి" అనే శిక్షకుడు కనబడితే, బస్సు చార్జీ దండగైందని గొణక్కండి. మీ వాణ్ణి ఆయన దగ్గరే చేర్చండి.