విస్తట్లో మిగిలింది ఎవరి వాటా?

వద్దనేలోపే మరో గరిటెడు అన్నం విస్తట్లో పడిపోతుంది. ఫుల్‌మీల్స్ హోటళ్లలో మనకి అలవాటైన మర్యాదే ఇది. తినలేక వదిలేసిందంతా నేరుగా చెత్తబుట్టలోకే!

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్ల పోయిందే. అన్నం పారేస్తే దాన్ని పండించిన నీళ్లూ, వండిన గ్యాసూ పారేసినట్టే. పైగా అది డంపింగ్ యార్డులో కుళ్లి మీథేన్‌ని వదులుతుంది. భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్నా ఎన్నో రెట్లు బలమైన వాయువది.

హోటళ్లు తలచుకుంటే దీన్ని తగ్గించడం కష్టమేమీ కాదు. అడిగి వడ్డించడం, మెనూలో హాఫ్ ప్లేటుకీ చోటివ్వడం, మిగిలిన కూరని 'ప్యాక్ చేయమంటారా' అని తామే అడగడం, ఇంటినుంచి గిన్నె తెచ్చుకున్నవారికి పార్సిల్ ఛార్జీ తీసేయడం... ఇవి చాలు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు, స్ట్రాల మీద 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. ప్లాస్టిక్ పూత పేపర్ ప్లేట్లకు బదులు మన్యంలో కుట్టే అడ్డాకు విస్తళ్లు కొంటే గిరిజన మహిళలకీ నాలుగు డబ్బులు వస్తాయి. తడిచెత్తని వేరుచేస్తే ఎరువవుతుంది. కరెంటూ అవుతుంది... కూరగాయల వ్యర్థాలతో హైదరాబాద్‌లోని బోయిన్‌పల్లి మార్కెట్ చేసి చూపించింది అదే.

అన్నట్టు, ఆ నివేదికలోనే ఇంకో లెక్కుంది. వృథాలో 60 శాతం ఇళ్లలోనిదట! అందుకే ఈసారి హోటల్‌కి వెళ్లినప్పుడు గరిటె వంగకముందే చెయ్యి అడ్డం పెట్టి 'కొంచెం చాలు' అనండి. పక్కనే పిల్లలు వింటుంటారు. ఇంటి దగ్గర కంచం ముందు కూర్చున్నప్పుడు వాళ్లకీ అదే మాట వస్తుంది.