వెండి పొదిగిన పాత్రలు

పాత ఇత్తడి సామానును తూకమునకు అమ్మి క్రొత్తది కొనుట మన యిండ్లలో వాడుకయే. అట్లమ్ముటకు ముందు సోదరీమణులు ఒక చిన్న బొక్కెన వృత్తాంతమును చిత్తగింపవలెనని మా కోరిక.

ఆ బొక్కెన 1163వ సంవత్సరమున ఖురాసాను సీమలోని హెరాతు నగరమున తయారైనది. ఎత్తు జానెడైనను లేదు. ఇత్తడిపై ఉలితో గాడులు చెక్కి, వానిలో వెండిని, రాగిని సుత్తితో నదిమిరి. వాద్యగాండ్రు, వేటకాండ్రు వరుసలుగా నందు కానవత్తురు. శుభము పలుకు అక్షరముల కొనలు మనుష్యుల శిరస్సులుగా మలచబడినవి. పోతపోసిన మహమ్మదు పేరును, నగిషీ తీర్చిన మసూదు పేరును దానిపై చెక్కియున్నవి. నేడది రష్యాలోని హెర్మిటేజి ప్రదర్శనశాలయందు భద్రముగా నున్నది.

1222లో మంగోలు సేనలు హెరాతును నేలమట్టము గావించెను. ఖురాసాను పనివారు కొందరు పడమటికి తరలిపోయిరని పండితుల తలంపు. ఊరు పోయినను చేతిలోని విద్య పోదు గదా! మోసలు నగరమున 1232లో షుజా అను శిల్పి చేసిన కూజా యిప్పుడు లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నది. అద్దమున మోము చూచుకొను స్త్రీయు, ఆమె చెంత దాసియు దానిపై కలరు. మరునూరేండ్లలో మమ్లూకు సుల్తానుల రాజ్యమున మరియొక మహమ్మదు చేసిన వెండిపొదుగు గంగాళము ఫ్రాన్సు చేరెను. పిమ్మట పదమూడవ లూయీ రాజైన బాలునకు 1606లో దానియందే బాప్తిస్మ మిచ్చిరి. మహమ్మదీయుని చేతిపని క్రైస్తవుల పుణ్యకార్యమునకు పాత్రమయ్యెను.

మన దక్కనులోని బీదరు పనియు ఈ కులములోనిదే. బహమనీ సుల్తానుల కాలమున పారసీకమునుండి వచ్చెనని ప్రతీతి. తుత్తునాగములో కొంచెము రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టితో నలుపెక్కింతురు. అట్టి తాంబూలపు పెట్టె యింట నున్నచో చింతపండుతో తోమరాదు, నలుపు చెడును. కొబ్బరినూనె రాచి మెత్తని గుడ్డతో తుడిచిన చాలును.

కావున, సోదరీమణులారా, పాత పాత్రను కాటాపై నుంచుటకు ముందొకమారు కడిగి వెలుతురున చూడుడు. అమ్మమ్మగారి పేరో, పెండ్లినాటి తేదీయో, కంచరి చెక్కిన లతయో కనబడవచ్చును. ఇంటి పెద్దల నడిగి దాని కథ వ్రాసియుంచుడు. వర్తకుడు లోహమునకే వెలకట్టును. తక్కినదాని వెల తెలిసినవారు మీరే.