వాన ఒకచోట, వరద మరోచోట

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పది వేల మంది చనిపోయారు. సరిగ్గా నలభై నాలుగేళ్ల తర్వాత, 2021 నవంబర్ 19న, సముద్రం ఛాయలైనా కనిపించని రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. ఆ రోజు కార్తీక పౌర్ణమి. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఇంకా పూర్తిగా నిద్ర లేవకముందే నీళ్లు ఇళ్ల మీద పడ్డాయి. ముప్పై మందికి పైగా కొట్టుకుపోయారు. ముందే చెప్పామని అధికారులు, తమకెవరూ చెప్పలేదని గ్రామస్థులు అన్నారు.

చలికాలపు హెచ్చరిక అనగానే అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు మంచు, ఈదురుగాలి గుర్తుకొస్తాయి. రాయలసీమలో చలికాలపు ప్రమాదం బంగాళాఖాతం నుంచి వస్తుంది. అక్టోబర్, నవంబర్ నెలల వాయుగుండాలు తమిళనాడు, నెల్లూరు తీరాలు దాటి పడమరకు వచ్చి, శేషాచలం, పాలకొండల మీదా, ఆ పైన నందికొండల దాకా కురుస్తాయి. తీరంలో గాలి తగ్గిందని ఊపిరి పీల్చుకునే వేళకు ఇక్కడ వంకలు పొంగడం మొదలవుతుంది.

2021 నాటి ఆ వాయుగుండానికి పేరు కూడా లేదు. మన దగ్గర వాయుగుండమా, తుపానా అని తేల్చేది గాలి వేగం. గంటకు 62 కిలోమీటర్లు దాటితేనే తుపాను, అప్పుడే దానికి పేరు. పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటిన ఆ వాయుగుండం ఆ స్థాయికి రానేలేదు. అయినా తిరుమల ఘాట్ రోడ్లు తెగాయి, తిరుపతి వీధులు ఏరులయ్యాయి, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది, నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. అప్పటి అనంతపురం జిల్లాలోనూ అదే గండం. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి మధ్యలో జేసీబీ మీద చిక్కుకున్న పది మందిని వైమానిక దళ హెలికాప్టర్ వచ్చి పైకి లాగింది. కదిరిలో వానకు నానిన మూడంతస్తుల భవనం పక్కిళ్ల మీద కూలి, పిల్లలతో సహా ఆరుగురు మరణించారు. గాలిని కొలిచే లెక్కలో చిన్నదైన వాయుగుండం నీళ్ల లెక్కలో ఎంత పెద్దదో చెప్పే మాట ఆ వారం హెచ్చరికల్లో సామాన్యుడికి వినిపించలేదు.

దీనికి కారణం వాతావరణ శాఖ చేతకానితనం కాదు. దివిసీమ తర్వాత రాష్ట్రంలో హెచ్చరికల ఏర్పాటంతా సముద్రం వైపు చూస్తూ పెరిగింది. రేవుల్లో ప్రమాద సూచికలు, తీర గ్రామాల్లో తుపాను షెల్టర్లు, మత్స్యకారులకు వేటకు వెళ్లొద్దన్న కబురు: ఇవన్నీ వేల ప్రాణాలు కాపాడాయి. తీరంలో పనిచేసే సూత్రం సులువైనది. తుపాను ఎక్కడ దాటుతుందో అక్కడే ప్రమాదం, అక్కడి జనాన్ని కదిలించాలి. సీమలో ఆ సూత్రం చెల్లదు. ఇక్కడ వాన పడ్డచోటుకూ వరద వచ్చే చోటుకూ మధ్య నలభై, యాభై కిలోమీటర్ల వంక ఉంటుంది, ఆ వంక మీద చెరువుల వరుస ఉంటుంది.

తాడిపత్రి సంగతే చూడండి. బుగ్గ రామలింగేశ్వరాలయం ఒడ్డున పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. నందికొండల్లో పుట్టిన ఆ నది తాడిపత్రికి చేరేలోపు పేరూరు, పెన్నహోబిలం, పెనకచెర్ల, చాగల్లు జలాశయాలను దాటి రావాలి. తాడిపత్రిలో ఎండ కాస్తున్నా, పైన గేట్లు ఎత్తితే నది వస్తుంది. 'అనంతపురం జిల్లాకు ఆరెంజ్ అలర్ట్' అన్న వార్త ఈ ఊరివాళ్లకు చెప్పేదేమీ లేదు. పెనకచెర్ల దగ్గర ఎన్ని గేట్లు, ఎంత మేర, ఏ గంటకు ఎత్తారు, ఆ నీళ్లు పామిడి దాటి చాగల్లుకు ఎప్పుడొస్తాయి అన్నదే వాళ్లకు కావలసిన కబురు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో నీళ్లు వదలడానికి ఎవరికి చేతులొస్తాయి? కోస్తాలో హెచ్చరికను నమ్మి జనాన్ని తరలించాక తుపాను దారి తప్పితే పోయేది ఒక రోజు కూలి. సీమలో హెచ్చరికను నమ్మి జలాశయం ఖాళీ చేశాక వాన రాకపోతే పోయేది ఒక ఏడాది పంట. అందుకే ఇంజినీరు చివరిదాకా ఆగుతాడు, రైతు కూడా ఆగమనే అంటాడు. ఆ మనసును తప్పుపట్టడం అన్యాయం. కానీ వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షం అనేది ఒక్క రోజులో 204.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే. అంటే అనంతపురానికి ఏడాది వానలో మూడో వంతుకు మించి ఒకే రోజులో పడటం. నిండు జలాశయం మీద అది పడితే ఆగడానికి వ్యవధి ఉండదు. అన్నమయ్య ప్రాజెక్టులో జరిగింది అదే. స్పిల్‌వే రెండు లక్షల పైచిలుకు క్యూసెక్కులకు కట్టింది, వచ్చింది మూడు లక్షలకు పైగా. ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయడం లేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పారు. పాడైన గేటు ముందు ఏ హెచ్చరిక అయినా ఏం చేయగలదు?

కరవు నేలకు వరద కొత్త కాదు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము'కు మూలం అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోయిన కథ. ఆ రోజుల్లో నీరుగంటి ఉండేవాడు. తూము, మరువ, కట్ట అతని బాధ్యత. కట్ట చెమ్మగిల్లిందా, ఎక్కడైనా ఊట పట్టిందా అని చూసేవాడు ఊళ్లోనే తిరిగేవాడు. ఆ మనిషి పోయాడు, అతని స్థానంలోకి మరెవరూ రాలేదు. వంక నాలుగైదేళ్లు పారకపోతే అందులో ప్లాట్లు పడతాయి, ఇళ్లు లేస్తాయి. 2022 అక్టోబర్‌లో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు చాలామందికి తమ ఇంటి పక్కనుంచి వంక పోతోందన్న సంగతి నీళ్లొచ్చాకే తెలిసింది. 2024 అక్టోబర్ 22న కనగానపల్లి చెరువు తెగి, పండమేరు ఉగ్రరూపం దాల్చి అనంతపురం శివారు కాలనీల మీద పడింది.

సరిగ్గా వారానికి, అక్టోబర్ 29న, స్పెయిన్‌లోని వాలెన్సియాలోనూ ఇలాగే జరిగింది. పోయో అనే వంక అక్కడ చాలాకాలం ఎండిపోయే ఉంటుంది. కింది ఊళ్లలో వాన పెద్దగా పడనేలేదు, పైన కొండల్లో కురిసింది. వాతావరణ సంస్థ ఉదయమే రెడ్ అలర్ట్ ఇచ్చింది. జనం ఫోన్లకు హెచ్చరిక సందేశం వెళ్లింది మాత్రం రాత్రి ఎనిమిది దాటాక. అప్పటికే వీధుల్లో కార్లు తేలుతున్నాయి. రెండు వందల ఇరవై మందికి పైగా చనిపోయారు. సంపన్న దేశంలో, కచ్చితమైన అంచనా చేతిలో ఉండి జరిగిన నష్టమిది.

బ్రిటన్ వాతావరణ శాఖ 2011లోనే తన హెచ్చరికల పద్ధతి మార్చుకుంది. ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందన్న దానికంటే, ఏ రోడ్డు మూసుకుపోతుంది, ఏ ఊళ్లు మునగొచ్చు అన్నదానికి పెద్దపీట వేసింది. మన వాతావరణ శాఖ కూడా ఆ దారిలోనే ఉంది. ఆకస్మిక వరదలను ముందుగా అంచనా వేసే వ్యవస్థను 2020లో దక్షిణాసియా దేశాల కోసం మన దేశమే ప్రారంభించింది. ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సాంకేతికతా పరీక్షలు దాటింది. లోటున్నది చివరి మజిలీలో. జిల్లా పేరుతో వచ్చే హెచ్చరికను వంక పేరుతో, చెరువు పేరుతో, దాటకూడని చప్టా పేరుతో మార్చి చెప్పే బాధ్యత ఎవరిదో తేలలేదు. గ్రామ సచివాలయ సిబ్బంది చాలా ఊళ్లలో ఉన్నారు. నవంబర్‌కు ముందే కట్ట చూసి రావడం, మరువ మీది ముళ్లకంప తీయించడం, మరువ పారగానే కింది ఊరికి ఫోన్ చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

అన్నమయ్య ప్రాజెక్టు తెగిన రెండు వారాల్లోపే డ్యామ్ భద్రత బిల్లుకు రాజ్యసభ ఆమోదం లభించింది. ప్రతి పెద్ద డ్యామ్‌కూ అత్యవసర ప్రణాళిక ఉండాలని, ఐదేళ్లలో సిద్ధం చేయాలని ఆ చట్టం చెబుతోంది. 2021 డిసెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది కనుక గడువు 2026 డిసెంబర్‌తో ముగుస్తుంది. పెన్న మీది పెద్ద జలాశయాలు దాని కిందికి వస్తాయి. ఎత్తు పది మీటర్లకు లోపున్న ఊరి చెరువులు మాత్రం రావు. వాటి కోసం రాష్ట్రమే ప్రత్యేకంగా నిబంధనలు రాయాలి.