అర్జీదారుని గుట్టు

అర్జీ పెట్టుకొన్నవానికి గుట్టు అక్కరలేదను నమ్మకము మన దేశమున చిరకాలమునుండి వేరూనియున్నది. చేయి చాచినవాడు తన యింటి సంగతులన్నియు చెప్పవలసినదే. చెప్పిన సంగతులను ఇచ్చువాడు తన యిష్టము వచ్చినచోట వ్రాసికొనును, గోడకంటించును, పదిమందికి చూపును. దీనికి పూర్వము ధర్మమని పేరు. ఇప్పుడు పారదర్శకత యని పేరు. పేరు మారినదే గాని అడిగినవాని స్థితి మారలేదని మా యభిప్రాయము.

2018 ఏప్రిలులో బయటపడిన సంగతిని చదువరులు మరచియుందురు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థవారు ఇండ్లకు సాయము పొందిన 1,34,000 మంది వివరములను తమ వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చునట్లు ఉంచిరి. హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి కనిపెట్టి చెప్పువరకు అవి అట్లే యుండెను. ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా, తండ్రి పేరు, ఫోను సంఖ్య, రేషను కార్డు, కులము, మతము, ఒకటి విడువకుండ అన్నియు అందుండెను. అంతకన్న ఘోరమేమనగా, కులమును బట్టియు మతమును బట్టియు ఆ పట్టికను వేరుచేసి చూచుకొనుటకు వీలు కల్పించిరి. ఇటుకలకును సిమెంటునకును డబ్బడిగినవాని మతమును ఏరి చూచుకొనవలసిన పని ఎవనికి కలదు? ఆ పని గలవాడు మంచి పనికై చూడడని వేరుగ చెప్పవలెనా? ఆధారు సంఖ్యను బహిరంగముగ ప్రకటింపరాదని 2016 నాటి ఆధారు చట్టమే నిషేధించియున్నది. స్వీయగోప్యత ప్రాథమికహక్కని తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పి అప్పటికి ఎనిమిది నెలలైనది. ఆ యేడే మే నెలలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీవారు నాలుగు సర్కారు వెబ్‌సైటులనుండి సుమారు 13 కోట్ల ఆధారు సంఖ్యలు బయటపడియుండవచ్చునని లెక్క చెప్పియుండిరి. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రమువే. హెచ్చరిక లేక జరిగిన తప్పు కాదిది.

కంప్యూటరు తప్పిదమని దీనిని త్రోసివేయుటకు వీలులేదు. కంప్యూటరు లేనిచోటను ఇదే బుద్ధి కనబడుచున్నది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములకు ప్రారంభోత్సవము జరిగినది మన తూర్పుగోదావరి కరపలోనే. నాటినుండి అర్హుల పట్టికలను సచివాలయపు గోడలమీద అంటించుట పరిపాటి యైనది. మేము కోనసీమలో ఒక లంకగ్రామమున అట్టి పట్టిక యెదుట కొంతసేపు నిలిచితిమి. ఇద్దరు పిల్లలు దానిని గట్టిగా చదువుచుండిరి. ఎవరు వితంతువో, ఎవరు ఒంటరి మహిళయో, ఎవరికి ఏ యంగము లోపించినదో వరుసగా వినబడుచుండెను. ఆ పేరులలో ఒకటి గల స్త్రీ అరుగు దాటి పోవుచు తలవంచుకొనెను. ఒంటరి మహిళ యను రెండు మాటలు కచేరిలో ఒక తరగతి పేరు మాత్రమే. పల్లెలో అవి ఆమె కాపురము చెడిన కథ. కుండకు మూకుడున్నది గాని లోకమునకు మూకుడు లేదని పెద్దలనిరి గదా! ఆ లోకమునకు ముద్రవేసిన కాగితమును మనమే అందించుచున్నాము.

పింఛను తరగతులలో ఏ.ఆర్.టి. మందులు వాడువారు కలరు, కుష్ఠువ్యాధిగ్రస్తులు కలరు, డయాలిసిస్ చేయించుకొనువారు కలరు. 2024లో పింఛనులు పెంచిన పిమ్మట వృద్ధునికి 4,000, దివ్యాంగునికి 6,000, డయాలిసిస్ రోగికి 10,000 రూపాయలుగ నిర్ణయించిరి. వ్యాధి పేరు కొట్టివేసి మొత్తమును మాత్రము వ్రాసినను వీధివారు రోగమును పోల్చుకొనగలరు. హెచ్.ఐ.వి. గలవారి సమాచారమును దాచి కాపాడవలెనని 2017లో ప్రత్యేకముగ శాసనము చేసికొన్న దేశము మనది. కావున ఈ కష్టము పాలకులకు తెలియనిది కాదు.

ఇచ్చట మాకొక మిత్రుడు అడ్డువచ్చును. పట్టిక గోడమీద లేకున్న చచ్చినవాని పేర పింఛను బ్రతికియుండునే, అని ఆయన వాదన. ఈ మాట మేము తీసివేయము. ఉపాధిహామీ పనుల సామాజిక తనిఖీలో పేరులు చదివి వినిపించుటచేత ఎన్నో దొంగమస్టర్లు బయటపడినవి. 2006లో ఈ తనిఖీకి దారితీసిన రాష్ట్రములలో మన రాష్ట్రమే ముందుండెను. అందుకు మేమును సంతసించితిమి. కాని దొంగను పట్టుకొనుటకు పేరు, ఊరు, ముట్టిన సొమ్ము, మంజూరుచేసిన యధికారి పేరు చాలును. రోగము గలవాని విషయమున ఆ నాలుగింటిలోను కొన్నింటిని తగ్గించి, తనిఖీదారునకు మాత్రము చూపవలెను. ఖాతా సంఖ్యయు కులమును ఏ దొంగను పట్టియిచ్చినవి? అర్జీ త్రోసివేసిన కారణము అర్జీదారునకు చీటీమీద వ్రాసి చేతికీయవలసినది. మూడువందల యూనిట్ల కరెంటు కాల్చినాడనియో, ఇంటిలో ఒకడు పన్ను కట్టుచున్నాడనియో ఊరికంతటికి చాటనేల?

మన రాజమహేంద్రవరమునకు ఈ పాఠము క్రొత్తది కాదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు, పెండ్లికి వచ్చినవారిని వెలివేయుదుమని బెదరించిరి. పలువురు భయపడి ప్రాయశ్చిత్తములు చేసికొనిరి. ఎవరు వచ్చిరి, ఎవరు విస్తరి ముందు కూర్చుండిరి అను వార్తయే అప్పుడు కొరడా. పేరు బయటపడుట వలన పేదవానికి ఏమి నష్టమని యడుగువారు ఆ పెండ్లికి వెళ్ళినవారి యిండ్లలో ఆ నెల ఎట్లు గడచెనో ఊహించుకొందురుగాక.

ఇక చట్టము సంగతి. 2023లో డేటా రక్షణ చట్టము వచ్చినది. దాని 44(3) సెక్షను సమాచారహక్కు చట్టమును సవరించి, వ్యక్తిగత సమాచారమనిన చాలును, ఇయ్యనక్కరలేదనునట్లు చేసినది. ప్రజాప్రయోజనము పేర అడుగుటకు 8(2) సెక్షను మిగిలియున్నది గాని, ముందటి సులభమైన దారి మూతపడినది. ఈ సవరణను 2025 నవంబరు 14న వెంటనే అమలులోనికి తెచ్చిరి. అర్జీదారు వంటివారిని కాపాడవలసిన ప్రధానభాగములకు మాత్రము పదునెనిమిది నెలల గడువు పెట్టిరి! అధికారి జీతభత్యములకు తెర నేడే, అర్జీదారుని రోగమునకు తెర రేపు. పైగా ఒక సాయమునకై ఇచ్చిన వివరములను సర్కారు మరియొక సాయమునకు వాడుకొనుటకు ఆ చట్టమే దారి విడిచినది.

రాజకీయపక్షములు ఈ విషయమున పోట్లాడలేదని కాదు. 2019 ఎన్నికల ముందు ఒక పక్షము లబ్ధిదారుల వివరములను తన యాప్‌లో చేర్చికొన్నదని రెండవ పక్షమువారు ఆరోపించిరి. 2023 జూలైలో ఏలూరు సభనుండి వాలంటీర్లు సేకరించిన వివరములమీద మరల గగ్గోలు పుట్టెను. ఎదుటివాని చేతిలో నున్నందుకే రెండుమార్లును రగడ. తమ చేతికి వచ్చినప్పుడు అర్జీదారుని సెలవడిగిన పక్షమును మేము చూడలేదు.

యాబది కుటుంబములకొక వాలంటీరును నియమించిన యా పద్ధతి 2024తో ముగిసినది. ఆ యేడు మార్చి 30న ఎన్నికల సంఘము వారి ఫోనులను, ట్యాబులను జిల్లా యధికారులకు అప్పగింపుమని ఉత్తరువు చేసెను. పరికరములకు రసీదులుండును. కడుపులో నెన్నో నెలయో, కొడుకు ఏ ఊరిలో పనిచేయుచున్నాడో, ఏ మాత్ర మింగుచున్నదో గడపలో నిలుచుండి చెప్పిన కోట్ల మాటలు తరువాత ఏమైనవో, దేనిని ఉంచిరో, దేనిని చెరిపిరో, సచివాలయపు గోడమీద అంటించవలసిన పట్టిక అది.